రంగంలో పావు మైలు

మా నాన్నమ్మ నోట రంగూన్ ఎప్పుడూ రంగమే. "మా చెల్లి రంగంలోనే ఉండిపోయింది" అని ఆవిడ నిట్టూర్చినప్పుడల్లా, ఆ చెల్లెలు ఏదో కుస్తీ గోదాలో దిగి ఇంకా బయటికి రాలేదని చిన్నప్పుడు నేననుకునేదాన్ని. మొన్న మాఘమాసంలో ఆ చెల్లెలి కొడుకు ఇంటికి వెళ్ళి పదిరోజులు ఉండి వచ్చాక, నా చిన్ననాటి ఊహ మరీ అంత తప్పేమీ కాదని తేలింది.

వెళ్ళనివాళ్ళకు ముందే ఒక మాట చెప్పాలి. అక్కడి బంగారు బౌద్ధ గోపురం గురించి తెలుసుకోవాలనుకుంటే ఇది చదివి లాభం లేదు. నేను దాన్ని చూశాను, దండం పెట్టుకున్నాను, మిట్టమధ్యాహ్నం పాలరాతి మీద చెప్పుల్లేకుండా గెంతుతూ తిరిగాను. అంతే. నా పదిరోజులూ ఒక పాత కారు చుట్టూ గడిచాయి.

విశాఖపట్నంలో ఇరవై రెండేళ్ళుగా డ్రైవింగ్ స్కూలు నడుపుతున్నాను. "నెమ్మది, నెమ్మది" అని రోజుకు వందసార్లు అనడమే నా వృత్తి. మూడో గేరు వేసినవాళ్ళను కాస్త అనుమానంగా చూస్తాను. అలాంటిదాన్ని, పావు మైలు దూరాన్ని పదమూడు సెకన్లలో దాటేసే కార్ల పక్కన నిలబడతానని ఏ జ్యోతిష్కుడైనా చెప్పి ఉంటే ఆయనకు దక్షిణ ఎగ్గొట్టి వచ్చేదాన్ని.

పజుండౌంగ్

దిగీదిగగానే తప్పు చేశాను. అక్కడ కార్లకు స్టీరింగ్ మనలాగే కుడివైపు ఉంటుంది. కానీ రోడ్డు మీద బండ్లు నడవడం కూడా కుడివైపే. ఈ సంగతి ఎక్కడో చదివాను, నా విద్యార్థులకు వింతగా చెప్పాను కూడా. అయినా టాక్సీ ఆగగానే, ఇరవై రెండేళ్ళ అలవాటు కొద్దీ ఎడమ తలుపు తీసి హాయిగా కాలు బయట పెట్టాను. బస్సు హారన్ చెవి పక్కనే మోగింది. కాలు వెనక్కి లాక్కున్నాను గానీ ఒక చెప్పు రోడ్డు మీదే ఉండిపోయింది. దాని మీంచి బస్సు వెళ్ళిపోయింది.

ఆ చెప్పు ఏరి తెచ్చిన పెద్దాయనే నాన్నమ్మ చెల్లెలి కొడుకు, నారాయుడు చిన్నాన్న. అరవై దాటిన మనిషి, పైకి కట్టిన లుంగీ, చేతులకు గ్రీజు, చంకలో మంచినీళ్ళ సీసా. నన్ను చూడడం అదే మొదటిసారి. చెప్పును అటూ ఇటూ తిప్పి, అతుకు పడుతుందన్నాడు.

పజుండౌంగ్ పేటలో కాలువకు దగ్గర్లో కింద వర్క్‌షాపు, పైన ఇల్లు. బోర్డంతా బర్మా లిపిలో ఉంటే అడుగున మాత్రం 'శ్రీ పైడితల్లి' అని వంకరటింకరగా తెలుగులో ఉంది. ఆ రెండు మాటలే ఆయనకు రాయడం వచ్చట. వాళ్ళ తాత రేవులో మూటలు మోశాడు, తండ్రి లాంచీల ఇంజన్లు బాగుచేశాడు, ఈయన కార్ల ఇంజన్లకు వచ్చాడు. ఆయన కూతురు ఆ కార్లలో కూచుని నడుపుతుంది.

కూతురి పేరు పైడి. ఇరవై ఆరేళ్ళు. బుగ్గలకు అక్కడి ఆడవాళ్ళు పూసుకునే చందనంలాంటి తనకా, జేబులో స్పానర్. కాగితాల మీద ఆమె పేరు మ ష్వే. మ అంటే అమ్మాయిల పేరు ముందు పెట్టే గౌరవపదం, ష్వే అంటే బంగారం. పైడి అన్నా బంగారమే కదా, మారిందల్లా భాషేనని నేను మురిసిపోయాను.

రాత్రి అన్నాలప్పుడు మాత్రం ఒకటి గమనించాను. నాతోనూ తల్లితోనూ చక్కగా తెలుగు మాట్లాడుతున్న పిల్ల, తండ్రితో మాత్రం బర్మా భాషలోనే మాట్లాడుతోంది. ఆయన తెలుగులో అడిగితే ఆమె బర్మాలో జవాబిస్తోంది. ఎండుచేపల పులుసు వడ్డిస్తూ చిన్నమ్మ నా చెవిలో చెప్పింది.

"కోపం తల్లీ. మూడు వారాలైంది, నాన్నతో తెలుగాపేసింది."

ఎందుకని అడిగేలోపు కరెంటు పోయింది. అక్కడ కరెంటు ఉండడమే విశేషం, పోవడం కాదు. చీకట్లోనే తినేశాం.

మర్నాడు పొద్దున నేను గడప దాటబోతుంటే పక్కింటావిడ నవ్వుతూ "బే త్వా మలో లే?" అంది. వెంటనే చిన్నాన్న నా మోచెయ్యి పట్టుకుని లోపలికి లాగి, బల్ల మీద కూచోబెట్టి, సీసా మూత తీసి చేతికిచ్చాడు. నాకు ఒళ్ళు బాగాలేదని ఆవిడ చెప్పిందేమో అనుకున్నాను. ఆవిడ అడిగిందల్లా, ఎక్కడికి వెళ్తున్నావని.

అప్పుడు గుర్తొచ్చింది. బయల్దేరేవాళ్ళను ఎక్కడికని అడగకూడదని, అడిగితే కాసేపు కూచుని మంచినీళ్ళు తాగి కదలాలని మా నాన్నమ్మ కూడా అనేది. మేం ఎప్పుడో వదిలేశాం. ఇప్పుడు ఎక్కడున్నావో ఫోనే చెప్పేస్తుంది కాబట్టి అడగాల్సిన పనీ లేదు. చిన్నాన్న మాత్రం వదల్లేదు. చిక్కేమిటంటే ఆయన బతుకుతున్న ఊళ్ళో ఆ ప్రశ్నే పలకరింపు. మనం 'బాగున్నారా' అన్నట్టు వాళ్ళు 'ఎక్కడికి' అంటారు. ఎక్కడికో చెప్పాలని కాదు. "దీ నా లే బా" అంటే చాలు, ఇక్కడికేనని అర్థం. అడిగినవాళ్ళూ మరిచిపోతారు, చెప్పినవాళ్ళూ మరిచిపోతారు. మా చిన్నాన్న ఒక్కడే సీసా పట్టుకుని తిరుగుతుంటాడు.

సంచౌంగ్

సంచౌంగ్ మార్కెట్టు పక్క టీ కొట్టులో పైడి నాకు మొహింగా తినిపించింది. చేపల పులుసులో సన్నటి బియ్యపు సేమ్యా వేసి, పైన అరటి ఊచ, వేయించిన పప్పు చెక్క నలిపి ఇస్తారు. పొద్దున్నే చేపలేమిటని ముక్కు విరిచి రెండు గిన్నెలు తిన్నాను. బల్ల మీద ప్లాస్కులో పాలు లేని టీ ఉంటుంది, దానికి డబ్బు తీసుకోరు. పాల టీకి అక్కడి డబ్బులో రెండు వేల చాట్లు అడిగితే గుండె జారింది గానీ, లెక్కేస్తే మా బీచిరోడ్డు ధర కంటే ఎక్కువేం కాదు. ఆ ఊళ్ళో వేలంటే మన పదులు.

అక్కడే ఆ సంవత్సరపు కథ చెప్పింది పైడి. ఆమె కారు నడిపేది డ్రాగ్ రేసుల్లో. మలుపులుండవు. రెండు కార్లు పక్కపక్కన నిలబడతాయి. స్తంభం మీద పసుపు దీపాలు వరసగా వెలుగుతాయి, ఆపైన ఆకుపచ్చ. అది వెలగక ముందే కదిలితే ఎర్రదీపం, ఇంటికి పోవడమే. పావు మైలు తిన్నగా ముందు ఎవరు దాటితే వాళ్ళు నెగ్గినట్టు. సరదాకి ఆడేది కాదు. టైర్ల వ్యాపారి ఒకాయన ఖర్చు పెట్టుకుని, ఆమెకు జీతమిచ్చి నడిపిస్తాడు. చలికాలంలో నాలుగు పోటీలు. నాలుగింటి పాయింట్లూ కలిపి మొదటి రెండు స్థానాల్లో ఉంటేనే వచ్చే ఏడు కూడా ఖర్చు పెడతానని ఆయన మాట. లేకపోతే కారు అమ్మేస్తారు. మాండలే నుంచి ఒకాయన కొందామని వచ్చి చూసి, అడుగున పడుకుని మరీ పరీక్షించి వెళ్ళాడట.

ఆ కారును నేను చూశాను. మా విద్యార్థులు మొదటి పాఠానికి కూడా ఎక్కడానికి ఒప్పుకోనంత పాత జపాన్ చిన్నకారు. దాని ఇంజన్ని చిన్నాన్న రెండేళ్ళు కూచుని, ఊళ్ళోని పాత సామాన్ల కొట్లన్నీ గాలించి కట్టాడు. ఆయనకు మగపిల్లలు లేరని ఎవరైనా జాలిపడితే ఇంజన్ స్టార్ట్ చేసి వినిపిస్తాడట.

మొదటి పోటీ పైడి నెగ్గింది. వరసగా ముగ్గురిని వెనక్కి నెట్టింది. కారు నడిపే ఆడపిల్ల ఆమె ఒక్కతే కావడంతో ఆ వారమంతా పజుండౌంగ్‌లో ఎవరూ ఆమె దగ్గర టీ డబ్బులు తీసుకోలేదు. రెండోదాంట్లో ఫైనల్‌కి వెళ్ళాక గేర్‌బాక్స్ పోయింది. అయినా ఆ ఊపులో పట్టికలో మొదటి స్థానం వాళ్ళదే. మూడోదాని దగ్గరికి వచ్చేసరికి పైడి గిన్నెలో మిగిలిన పులుసును చెంచాతో తిప్పడం మొదలుపెట్టింది.

"రేపు దలా పోదాం అప్పా. అక్కడ నీకే తెలుత్తాది" అంది. వాళ్ళ ఇంట్లో అక్కను ఇంకా అప్ప అనే అంటారు. మా ఇంట్లో ఆ మాట నాన్నమ్మతో పోయింది. విని నాకు కళ్ళు చెమర్చాయి, పులుసు కారమని చెప్పాను.

దలా

నదికి అవతల దలా. లాంచీ మీద పది నిమిషాలు. విదేశీయులకు వేరే టికెట్టు, వేరే ధర. తెలుగు మొహం చూసి స్థానికురాలిననుకుంటారేమోనని వరసలో దర్జాగా నిలబడ్డాను. టికెట్టు ఇచ్చేవాడు నా చెప్పుకు ఉన్న అతుకును చూశాడో ఏమో, పాస్‌పోర్టు అడిగాడు. డెక్కు మీద ఉల్లిపాయలు, కోడిపిల్లలు, సైకిళ్ళు, పడుచుపిల్లలు. కుర్రాళ్ళు మాత్రం తక్కువ. చాలామంది పనులకని, ఇంకా ఎందుకెందుకో దేశం దాటిపోయారని పైడి మెల్లగా చెప్పింది. వాళ్ళ వీధి జట్టుకు ఇప్పుడు బంతాటలో ఎదుటి జట్టు దొరకడం లేదట.

అవతల ఒడ్డున మాకోసం నిలబడ్డాయన కో తే. కో అంటే మన అన్న లాంటి మాట. రేసుల్లో కార్లను వరసగా పిలిచి గీత దగ్గరికి పంపేది ఈయనే. తాటాకు కప్పిన ఇంటి ముందు కూచోబెట్టి, నానబెట్టిన టీ ఆకులో నువ్వులూ వేయించిన వేరుశనగలూ కలిపి పెట్టాడు. టీ ఆకును నమిలి తింటారని మా ఊళ్ళో చెబితే నవ్వుతారు. నేనైతే పొట్లం కట్టించుకున్నాను.

మూడో పోటీలో ఏం జరిగిందో ఆయనే చెబుతుంటే పైడి నాకు తెలుగులో చెప్పింది. రెండో పరుగుకి ఆమె పేరు పిలిచాక కారు దగ్గరికి నడిచి వస్తోంది. కో తే ఆమెను చూసి, ఊరందరినీ పలకరించినట్టే నోరారా పలకరించాడు. బే త్వా మలో లే?

వెనకే వస్తున్న చిన్నాన్న విన్నాడు. కూతుర్ని కారెక్కనివ్వలేదు. కూచోమన్నాడు. కూచోవడానికి ఏమీ లేకపోతే టైరు దొర్లించుకొచ్చి దాని మీద కూచోబెట్టాడు. సీసాలో నీళ్ళయిపోయాయి. నీళ్ళ కోసం పరిగెత్తాడు. పిలిచాక రెండు నిమిషాల్లో కారు గీత దగ్గర లేకపోతే పరుగు పోయినట్టే. ఆయన నీళ్ళు తెచ్చేసరికి ఎదుటి కారు ఒంటరిగా పరిగెత్తి నెగ్గేసింది. మొదటి స్థానం కాస్తా మూడోదయింది.

చిన్నాన్న మూర్ఖుడు కాడని పైడే చెప్పింది. రెండేళ్ళ కింద ఇదే కారును ఆయన మేనల్లుడు పరీక్షకు తీసుకెళ్తుంటే ఎవరో ఎక్కడికని అడిగారు. ఆ రోజే కారు బోల్తా పడి అతని కాలు మూడుచోట్ల విరిగింది. తనకోసం ఆయన ఎప్పుడూ నీళ్ళు తాగడట. తాగించేది కారెక్కేవాళ్ళకూ ఇంటికొచ్చిన నాలాంటివాళ్ళకూ.

"ఆయన బయ్యం నాకు తెలుసప్పా. గానీ నాను నడిపినన్నాల్లు ఆయన నన్ను నమ్మలేదనే కదా" అంది పైడి.

కో తే చాలా బాధపడుతున్నాడు. నలభై ఏళ్ళుగా నోటికి అలవాటైన మాట, ఎంత ఆపుకున్నా వచ్చేస్తుందట. ఆఖరి పోటీలో తన పక్కనే నిలబడి, నోరు తెరవబోతే గిల్లమని నన్ను బతిమాలాడు. నేను ఒప్పుకున్నాను. ఒకరి నోటికి కాపలా ఉండడం నాకు కష్టమైన పని కాదనుకున్నాను.

ఊరికి ఉత్తరాన

మూతబడిన ఫ్యాక్టరీల మధ్య ఎవరూ వాడని వెడల్పాటి రోడ్డు. పోటీలన్నీ పగలే, సాయంత్రానికి అందరూ ఇంటికి చేరిపోవాలి. పొద్దున ఎనిమిదికే గొడుగుల కింద జనం, చెరుకురసం బళ్ళు, పకోడీల వాసన. వరసలో నిలబడ్డ ఎనిమిది కార్లలో మాదే చిన్నది. పట్టికలో రెండో స్థానం దక్కాలంటే పైడి ఫైనల్ దాకా వెళ్ళాలి. అంటే రెండు పరుగులు నెగ్గాలి.

మొదటిది సులువుగా నెగ్గింది. ఎదుటివాడు పచ్చదీపానికి ముందే కదిలాడు. నేను చూసింది పొగ మాత్రమే. పరుగుకు ముందు టైర్లను నీళ్ళలో తడిపి, ఉన్నచోటే గిర్రున తిప్పి వేడెక్కిస్తారు. బండికి నీళ్ళు, మనిషికి నీళ్ళు, ఈ ఇంట్లో నీళ్ళు లేందే ఏదీ కదలదనుకున్నాను.

రెండోదే అసలుది. ఎదుట బియ్యం మిల్లు యజమాని తెల్లకారు. మాకంటే కొత్తది, బలమైనది. పైడి కారులో కూచుని పట్టీలు బిగించుకుంది. తండ్రీకూతుళ్ళు పొద్దున్నుంచి మాట్లాడుకున్నది స్పానర్ల నంబర్లే, అవీ బర్మాలో. చిన్నాన్న నిండు సీసాతో నిలబడ్డాడు. కో తే పెదాలు బిగించుకుని చేత్తోనే సైగ చేస్తున్నాడు. గిల్లడానికి సిద్ధంగా నేను ఆయన పక్కనే ఉన్నాను.

ఆయన చెయ్యి ఊపాడు. కారు ముందుకు కదిలింది. పైడి పక్క అద్దం వంక చూడలేదు.

ఇరవై రెండేళ్ళుగా, అద్దం చూడకుండా బండి కదిపిన ప్రతివాడినీ నేనొక్కటే మాట అంటాను. ఆ మాట నాకంటే ముందే నా నోట్లోంచి వచ్చేస్తుంది. ఆ రోజూ వచ్చేసింది, క్లాసులో లాగానే గట్టిగా.

"ఎక్కడికి? అద్దం చూశావా?"

కో తేకి తెలుగు రాకపోయినా నన్ను గిల్లాడు. కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమని అందరికీ చెప్పేదాన్ని. ఆలస్యంగా నోరు మూసుకున్నాను. చిన్నాన్న సీసా మూత తీసేశాడు. పైడి బ్రేకు తొక్కింది. తెల్లకారు అప్పటికే నీళ్ళలో టైర్లు తిప్పుతోంది. రెండేళ్ళ కష్టం, ఒక సంవత్సరపు పరుగులు, అన్నీ నా అలవాటు వల్ల పోతున్నాయని తెలిసి ఏడుపొచ్చేసింది.

పైడి హెల్మెట్ అద్దం పైకెత్తి నా వైపు చూసి నవ్వింది. "దీ నా లే బా" అంది. ఇక్కడికే.

తరవాత తండ్రి వైపు తిరిగింది. మూడు వారాలు దాటాక మొదటిసారి తెలుగులో మాట్లాడింది.

"నాన్నా, ఎల్లొత్తాను."

చిన్నాన్న కారు దగ్గరికి వచ్చాడు. సీసా చేయి చాపితే అందేంత దూరంలో ఉంది. కో తే గడియారం చూపించి వేళ్ళు మడుస్తున్నాడు. చిన్నాన్న కూతుర్ని చూశాడు, సీసాను చూశాడు. పక్కనున్న టైరు మీద తనే కూలబడ్డాడు. సీసా ఎత్తి గడగడా తాగాడు, సగం బనీను మీద పడింది.

"కూకున్నాను, తాగేసేను. నువ్వెల్లిరా" అన్నాడు.

పైడి వెళ్ళింది. పసుపు, పసుపు, పసుపు, పచ్చ. ఆ చిన్నకారు తెల్లకారు కంటే ముందు కదిలింది, మధ్యలో వెనకబడినట్టనిపించింది, చివర్లో నాకేమీ కనబడలేదు. చిన్నాన్న లేవలేదు, చూడనూ లేదు. తల వంచుకుని ఇంజన్ శబ్దం వింటున్నాడు. గేరు మారినప్పుడల్లా వేలు మడిచాడు. నాలుగో వేలు మడిచాక తలెత్తి, బోర్డు మీద ఇంకా అంకెలు పడకముందే, "నెగ్గింది" అన్నాడు.

తేడా సెకనులో పదోవంతు కూడా లేదు.

ఫైనల్ ఓడిపోయింది. మాండలే నుంచి వచ్చిన కారు గాలిలా వెళ్ళిపోయింది, దానికి మేమూ చప్పట్లు కొట్టాం. పట్టికలో రెండో స్థానం మాది. టైర్ల వ్యాపారి వచ్చి కారు బానెట్ మీద చెయ్యి వేసి నిలబడి ఫొటో దిగాడు. వచ్చే ఏటికి కూడా ఉంచుతాడని ఆ చెయ్యి చూస్తేనే తెలిసింది. ఇంటికి వచ్చే దారంతా క్లచ్ వైరు బిగువు గురించి తండ్రీకూతుళ్ళు తెలుగులో పోట్లాడుకున్నారు. అంత ఇంపైన పోట్లాట నేను వినలేదు.

మళ్ళీ గడప దగ్గర

బయల్దేరే రోజు చిన్నమ్మ ఎండుచేపలు కట్టివ్వబోతే విమానంలో కంపు కొడతాయని వద్దన్నాను. తరవాత సంచీలో ఎలాగూ దొరికాయి. పైడి నా అతుకు చెప్పును తీసేసుకుని, మంచి వెల్వెట్ చెప్పులు కొనిచ్చింది. టాక్సీ ఎక్కేముందు తలుపు కుడివైపుది తీశాను. అద్దం కూడా చూసుకున్నాను.

చిన్నాన్న గడపలో నిలబడ్డాడు. చంకలో సీసా ఉంది. ఎక్కడికని బయల్దేరినవాళ్ళను జన్మలో అడగని మనిషి, నా మొహంలోకి చూసి చిలిపిగా, ఆ ఊరి మాటలో అడిగాడు.

"బే త్వా మలో లే?"

సముద్రం అవతల ఊరు నాది. మా నాన్నమ్మ చెల్లెల్ని వదిలి ఈ ఊరి నుంచి వెళ్ళి మళ్ళీ రాలేకపోయింది. చేతిలో సంచీ సర్దుకున్నాను. గట్టిగానే చెప్పాను.

"దీ నా లే బా, చిన్నాన్నా. ఇక్కడికే. ఎల్లొత్తాను."